ఓడ ఆగిన రేవులు: బొంబాయి–బస్రా లైను, మన ప్రాంతపు గల్ఫ్ వలస

ఉద్దేశం

ఈ పాఠం చదివిన తరవాత, ప్రయాణికుల ఓడల పాత రేవుల పట్టికను ఒక చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో మీరు తెలుసుకుంటారు. బొంబాయి నుంచి బస్రా దాకా నూట ఇరవై ఏళ్లపాటు నడిచిన ఒక ఓడల లైనుకూ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వలసకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు. పాఠం చివర ఇచ్చిన క్షేత్రపనికి ఈ రెండూ అవసరం.

పరిచయం

జగిత్యాలకు సముద్రం దగ్గర లేదు. ఈ ప్రాంతంలో నీళ్లంటే ధర్మపురి దగ్గర గోదావరి, సిరిసిల్ల పక్కన మానేరు, ఊరూరా చెరువులు. అయినా సముద్రం అవతలి రేవుల పేర్లు ఇక్కడి ఇళ్లలో రోజూ వినబడతాయి. "మా పెద్దోడు మస్కట్‌ల ఉన్నడు" అంటారు. "ఆయన దుబాయి పోయి పదేండ్లాయె" అంటారు. ఈ రెండు వాక్యాలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. మస్కట్ అనేది దేశం పేరు కాదు, దేశం ఒమన్. దుబాయి కూడా దేశం కాదు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఒక భాగం. కువైట్‌లో పనిచేసే మనిషిని కూడా ఊళ్లో "దుబాయిల ఉన్నడు" అనేయడం మీరు వినే ఉంటారు. దేశాల పేర్లు వెనక్కి పోయి, రేవుల పేర్లు ముందుకు వచ్చాయి.

ఆ రేవులన్నీ ఒకప్పుడు ఒకే ఓడ ప్రయాణ పట్టికలో, ఒకదాని తరవాత ఒకటిగా అచ్చయి ఉండేవి. పేర్లు కలిసినంత మాత్రాన అదే సాక్ష్యం అనుకోకండి. మాట ఎలా పుట్టిందన్నది వేరే పరిశోధన. కాని ఆ పట్టికను చదవడానికి అది మంచి కారణం.

లైనర్ వేరు, విహార ఓడ వేరు

పాత ప్రయాణికుల ఓడలు అనగానే చాలామందికి పెద్ద భోజనశాల, బ్యాండు మేళం, తెల్లటి దుస్తుల్లో కెప్టెను గుర్తుకొస్తారు. సినిమాలు అలా అలవాటు చేశాయి. మనం ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి. విహార ఓడ బయలుదేరిన రేవుకే తిరిగి వస్తుంది. ప్రయాణమే దాని సరుకు. లైనర్ అలా కాదు. అది ఒక నిర్ణీత మార్గంలో, ముందుగా ప్రకటించిన తేదీల ప్రకారం, మనుషులనూ ఉత్తరాలనూ సరుకునూ ఒకచోటు నుంచి మరొకచోటికి చేర్చేది. లైను మీద నడిచే ఓడ కాబట్టి లైనర్. మన ఆర్టీసీ బస్సు మాదిరి: టైము ఉంటుంది, స్టేజీలు ఉంటాయి, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉంటారు.

బొంబాయి నుంచి ఇంగ్లండుకు నడిచిన పి అండ్ ఓ కంపెనీ ఓడలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1869లో సూయజ్ కాలువ తెరిచాక వాటి దారి ఏడెన్, సూయజ్, పోర్ట్ సయీద్, మార్సేలు మీదుగా స్థిరపడింది. రెండో రౌండు టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీ 1931 ఆగస్టు 29న బొంబాయిలో రాజపుతానా ఓడ ఎక్కాడు. హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడు కూడా అదే ఓడలో ఉంది. గాంధీ సెప్టెంబరు 11న మార్సేలులో దిగి, రైలులో ఫ్రాన్సు దాటి 12న లండను చేరాడు. ఓడ మాత్రం స్పెయిన్‌ను చుట్టి రావాలి. తొందర ఉన్నవాళ్లు మార్సేలులో దిగిపోయేవారు. రేవుల పట్టిక చదవడం అంటే ఇదే. ఎవరు ఎక్కడ దిగారు, ఎందుకు అక్కడే దిగారు అని అడగడం.

బొంబాయి–బస్రా లైను

మనకు కావలసిన లైను దానికంటే చిన్నది, అంత పేరూ లేనిది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1862లో పర్షియన్ గల్ఫ్‌కు తపాలా ఓడలు నడపడం మొదలుపెట్టింది. ప్రభుత్వం తపాలా కోసం సొమ్ము ఇచ్చేది, ఆ ధీమాతో కంపెనీ ప్రయాణికులనూ సరుకునూ ఎక్కించుకునేది. మొదట ఏడాదికి కొద్దిసార్లే వెళ్లిన ఓడ తరవాత వారం వారం వెళ్లసాగింది. 1914లో ఈ కంపెనీ పి అండ్ ఓలో కలిసింది, కాని ఓడల మీద పాత పేరు కొనసాగింది.

ఆగే రేవులు కాలాన్ని బట్టి కొంత మారినా ముఖ్యమైనవి ఇవి: బొంబాయి, కరాచి, మస్కట్, బందర్ అబ్బాస్, దుబాయి, బహ్రెయిన్, బూషెహర్, కువైట్, చివరికి ఇరాక్‌లోని బస్రా. తరవాతి కాలంలో దోహా కూడా చేరింది. తక్కువ రేవుల్లో ఆగే వేగపు సర్వీసు ఒకటి, ప్రతి చిన్న రేవులోనూ ఆగే నిదానపు సర్వీసు మరొకటి ఉండేవి. ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు తేడా అనుకోండి.

రెండో ప్రపంచయుద్ధం తరవాత ఈ లైను కోసం నాలుగు కొత్త ఓడలు వచ్చాయి. దుమ్రా 1946లో, ద్వారక 1947లో, దారా 1948లో, దారెస్సా 1950లో. ఒక్కొక్కటి సుమారు 5,000 టన్నులది. అట్లాంటిక్ దాటే మహా ఓడల పక్కన ఇవి పడవల్లా కనిపిస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేయండి. ఈ ఓడలు గంటకు సుమారు 14 నాటికల్ మైళ్లు వెళ్లేవి. బొంబాయి నుంచి కరాచికి సుమారు 500, కరాచి నుంచి మస్కట్‌కు సుమారు 470, మస్కట్ నుంచి దుబాయికి సుమారు 350 నాటికల్ మైళ్లు. మొత్తం 1,320. ఆగకుండా వెళితే దాదాపు 94 గంటలు, అంటే నాలుగు రోజులు. రేవుల్లో సరుకు దించి ఎక్కించే సమయం కలిపితే ఐదారు రోజులు. ఇదే దూరం విమానంలో మూడు గంటలు.

ఈ పట్టిక వెనుక ఇంకొక సంగతి దాగి ఉంది. బొంబాయి, దుబాయి రేవుల మధ్య చాలాకాలం ఒకే రూపాయి నడిచింది. 1947 దాకా మస్కట్, దుబాయి, బహ్రెయిన్, కువైట్‌లలోని తపాలా కార్యాలయాలు భారత తపాలా వ్యవస్థలో భాగం. ఆ దేశాల్లో చెల్లుబాటు కావడానికి భారత రిజర్వు బ్యాంకు 1959లో ప్రత్యేక గల్ఫ్ రూపాయి నోట్లు అచ్చువేసింది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత నాణేలకు మారాయి. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక దుబాయి, కతార్ కూడా వదిలేశాయి. ఈనాడు దిర్హాం రేటు ఎంత ఉందని ఫోనులో చూసుకునే కుటుంబాలకు, అవతలి ఒడ్డున ఒకప్పుడు మన రూపాయే చెల్లేదన్న సంగతి వింతగా తోచవచ్చు.

డెక్కు టికెట్టు

ద్వారక ఓడలో కేబిన్లలో పట్టే ప్రయాణికులు కొన్ని పదుల మందే. డెక్కు ప్రయాణికులు వెయ్యికి పైగా. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ఓడ ఎవరి కోసం నడిచిందో అర్థమవుతుంది. డెక్కు టికెట్టు అంటే గది ఉండదు, మంచం ఉండదు. చాపో దుప్పటో పరచుకున్నంత చోటు, పక్కన తన పెట్టె. అదే పడక, అదే ఇల్లు, ఐదు రోజులపాటు. సముద్రం అలజడిగా ఉంటే వాంతులు, ఎండ మండితే ఉక్కపోత. కూలీలు, చిన్న వ్యాపారులు, యాత్రికులు, కుటుంబాలను చూడబోయేవాళ్లు అందరూ అక్కడే.

ఓడల మీద వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం కేబిన్ల నుంచి రాసినవే. మెనూ కార్డులు దాచుకున్నది కేబిన్ల వాళ్లు, ఫోటోలు తీయించుకున్నదీ వాళ్లే. డెక్కు మీది మనిషి దాచుకున్నది సాధారణంగా ఒక్కటే, పాస్‌పోర్టు. అందులోని ముద్రలే అతని ప్రయాణ కథ. మన విషయానికి ఆ ముద్రలు మెనూ కార్డుల కంటే ఎన్నో రెట్లు విలువైనవి.

దుబాయిలో 1972లో రషీద్ రేవు సిద్ధమయ్యేదాకా పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. సముద్రంలో లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లోకి దించి దుబాయి కయ్య లోపలికి చేర్చేవారు. పెట్టె తల మీద పెట్టుకుని, ఊగుతున్న ఓడ నుంచి ఊగుతున్న పడవలోకి దిగడం అక్కడ మామూలు సంగతి.

ఈ పద్ధతి ఎంత ప్రమాదకరమో దారా ఓడ కథ చెబుతుంది. దారా 1961 మార్చి 23న బొంబాయిలో బయలుదేరి బస్రా దాకా వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఏప్రిల్ 7న దుబాయి బయట లంగరు వేసింది. సాయంత్రం గాలివాన ముదిరింది. లంగరులో ఉంటే ప్రమాదమని ఓడను నడిసముద్రంలోకి తీసుకుపోయారు. సాగనంపడానికి ఎక్కినవాళ్లు, సరుకులు అమ్ముకోవడానికి ఎక్కినవాళ్లు కూడా దిగే వీలులేక అందులోనే ఉండిపోయారు. ఏప్రిల్ 8 తెల్లవారుజామున ఓడలో పేలుడు జరిగి మంటలు చెలరేగాయి. ఓడలో ఉన్న 819 మందిలో 238 మంది చనిపోయారు. రెండు రోజుల తరవాత, ఒడ్డు వైపు లాక్కుపోతుండగా ఓడ మునిగిపోయింది. ఎవరో పెట్టిన పేలుడు పదార్థమే కారణం కావచ్చునని తరవాత బ్రిటన్‌లో జరిగిన విచారణ అభిప్రాయపడింది. పట్టికలోని తేదీలను మరోసారి చూడండి. బొంబాయి వదిలి పదహారో రోజు. అది తిరుగు ప్రయాణం కాబట్టి అందులో చాలామంది ఇంటికి వస్తున్నవాళ్లు.

బొంబాయి అనే వాకిలి

ఇక మన ప్రాంతం నుంచి చూద్దాం. కరీంనగర్ జిల్లాలో "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాట మీకు తెలిసిందే. ఊళ్లో బతుకు సాగకపోతే పోవడానికి ఉన్న మూడు దారులవి. మాటలో వరుస గమనించండి, దుబాయి కంటే ముందు బొంబాయి ఉంది.

బొంబాయికి తెలంగాణ మనుషులు వెళ్లడం కొత్త కాదు. నగరంలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది నిజాం రాజ్యం నుంచి వెళ్లి కట్టడాల పనుల్లో కుదిరిన కామాఠీల వల్లనే. సిరిసిల్ల పద్మశాలీలు బొంబాయి మిల్లులకూ భివండి మరమగ్గాలకూ వెళ్లారు. 1970ల్లో జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి బొంబాయి వెళ్లాలంటే నిజామాబాదు చేరి, మన్మాడు దాకా మీటరుగేజి రైలు, అక్కడ బండి మారి పెద్ద లైను. సిరిసిల్లకు అప్పుడు రైలు లేదు. సముద్రయానం కంటే ముందు ఈ ప్రయాణం ఉండేది. ఈ భాగాన్ని ఏ ఓడ కంపెనీ పట్టికా చూపించదు. మీరే రాసుకోవాలి.

బొంబాయి రేవుకు మరో రకం ప్రయాణికులు కూడా వెళ్లేవారు, హజ్ యాత్రికులు. మొఘల్ లైన్ కంపెనీ ఓడలు బొంబాయి నుంచి జెద్దాకు నడిచేవి. సాబూ సిద్దీక్ ముసాఫిర్‌ఖానాలో బస, తరవాత ఓడ. ఈ ఓడ ప్రయాణం 1995 దాకా సాగింది. మూడు పట్టణాల్లోని ముస్లిం కుటుంబాల్లో అడిగితే, ఓడలో హజ్‌కు వెళ్లివచ్చిన తాతలూ అమ్మమ్మలూ ఉన్న ఇళ్లు దొరకవచ్చు. గల్ఫ్ ప్రయాణికుల కోసం వెతికేటప్పుడు వీరిని మరవకండి. ఓడ జ్ఞాపకం ఇంకా పదిలంగా ఉన్నది వీరి దగ్గరే కావచ్చు.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. గల్ఫ్‌లో రోడ్లు, రేవులు, విమానాశ్రయాలు, ఇళ్లు అన్నీ ఒకేసారి కట్టడం మొదలైంది. కూలీలు కావలసి వచ్చింది. ఇక్కడ పరిస్థితులూ మనుషులను బయటికి నెట్టాయి. వర్షాధారపు సాగు, అప్పులు ఒకవైపు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఏళ్లలో ఊరు వదిలినవారి కారణాల్లో కూలి ఒక్కటే లేదు, భయం కూడా ఉంది. వలసను కేవలం డబ్బు లెక్కగా చదివితే ఈ సంగతి జారిపోతుంది.

లైను ఎందుకు ఆగింది

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో అత్యధికులు విమానమెక్కినవారే. వలస ఉధృతమయ్యే నాటికి ఓడల కాలం ముగింపుకు వచ్చింది. పెద్ద లైనర్లను జెట్ విమానాలు 1960ల్లోనే దెబ్బతీశాయి. 1967 యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడి 1975 దాకా తెరుచుకోలేదు, బొంబాయి–లండను ప్రయాణికుల ఓడలు అంతటితో అయిపోయాయి. గల్ఫ్ లైను మాత్రం ఇంకొంత కాలం నిలిచింది. చవక టికెట్టు కావలసినవాళ్లు, బరువైన పెట్టెలు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి నిలిచింది. 1980 సెప్టెంబరులో ఇరాక్–ఇరాన్ యుద్ధం మొదలై బస్రా జలమార్గం మూసుకుపోయింది. నాలుగు ఓడల్లో చివరిదాకా మిగిలిన ద్వారక 1982లో కరాచి దగ్గర గదానీ తీరంలో తుక్కుగా విరిచివేయబడింది. అంతకు కొద్దిముందే, 'గాంధీ' సినిమాలో గాంధీ దక్షిణాఫ్రికా నుంచి వచ్చి బొంబాయిలో దిగే దృశ్యానికి దాన్ని వాడుకున్నారు.

అదే 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. చాలా మిల్లులు తిరిగి కోలుకోలేదు, ఎందరో తెలుగు కార్మికులు పని పోగొట్టుకున్నారు. మర ఆడిన బొంబాయి, ఓడ ఎక్కించిన బొంబాయి రెండూ ఒకే ఏడాది మసకబారాయి. మరుసటి ఏడాది, 1922 నాటి వలస చట్టం స్థానంలో 1983 వలస చట్టం వచ్చింది. రేవు గేటు దగ్గర జరిగే తనిఖీ, లైసెన్సు ఉన్న ఏజెంటు, వలసదారుల సంరక్షక అధికారి ముద్ర, సహార్ విమానాశ్రయం అనే కొత్త వరుసగా మారింది. ఓడ పోయినా వాకిలి మాత్రం చాలాకాలం బొంబాయిగానే ఉంది. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచాక ఆ దారి బాగా తగ్గింది.

గుర్తున్నవి, గుర్తులేనివి

ఈనాడు దుబాయిలోని అదే రషీద్ రేవులో క్వీన్ ఎలిజబెత్ 2 అనే మహా లైనర్ నిలిచి ఉంది. 1969లో మొదటి ప్రయాణం చేసి, 2008లో దుబాయి చేరి, 2018 నుంచి హోటలుగా నడుస్తోంది. దాని పాత ప్రయాణ పట్టికలు, కుర్చీలు, పింగాణీ అన్నీ భద్రంగా ఉన్నాయి. అది చాలా అందమైన ఓడ, భద్రపరచడం మంచిదే. కాని ఆ నగరాన్ని కట్టిన కూలీలను మోసుకొచ్చిన ఓడలకు అలాంటి చోటు దక్కలేదు. దారా సముద్రం అడుగున ఉంది, ద్వారక ఇనుప తుక్కయింది. ఆ ఓడల గురించి మిగిలిన ఆధారం చాలావరకు మనుషుల దగ్గరే ఉంది. 1975లో పాతికేళ్లున్న మనిషికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. గడువు తీరిన పాస్‌పోర్టును ఇల్లు సర్దేటప్పుడు పారేస్తారు. పెట్టె తుప్పు పట్టిందని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు.

క్షేత్రపని

మీ ఊళ్లో, లేదా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఎక్కడైనా, 1985కు ముందు గల్ఫ్‌కు గాని హజ్‌కు గాని వెళ్లిన ఒక పెద్దమనిషిని కలవండి. మొదటే "ఓడలో పోయినవా తాతా" అని అడగకండి. ఇంటి నుంచి మొదలుపెట్టించండి. ఊళ్లో ఏ పొద్దు బయలుదేరారు, నిజామాబాదు దాకా దేంట్లో పోయారు, మన్మాడులో ఎంతసేపు కూచున్నారు, బొంబాయిలో ఎవరి గదిలో ఎన్ని రోజులు ఉన్నారు. చాలామంది విషయంలో అసలు ఎదురుచూపు ఆ గదిలోనే జరిగింది, వీసా కోసం నెలల తరబడి. తరవాత ఓడో విమానమో, ఎక్కడెక్కడ ఆగింది, ఏం తిన్నారు, పక్కన ఎవరున్నారు.

పాస్‌పోర్టు ఉంటే ముద్రలు చూడండి. ప్రతి ముద్రలో తేదీ, ప్రవేశించిన లేదా విడిచిన చోటు పేరు ఉంటాయి. శాంతాక్రుజ్ అనో సహార్ అనో ఉంటే విమానం, రేవు పేరు ఉంటే ఓడ. ఆ తేదీలను వరుసగా రాసి, ఆ వ్యక్తి చెప్పిన కథతో పోల్చండి. రెండూ కలవకపోతే కంగారు పడకండి, వృద్ధుడిని తప్పుపట్టకండి. ఏ చోట కలవలేదో రాసుకోండి. ఉత్తరాలు, ఇంటికి మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు, పెట్టె మీద రాసిన చిరునామా, ఇవన్నీ ఆధారాలే. ఫోటో తీసుకోవాలంటే అనుమతి అడగండి, అసలు కాగితాన్ని వారి దగ్గరే వదిలి రండి.

ఇంటి ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. మనిషి పోయిన తరవాత మొదటి ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చిందో వారికే బాగా గుర్తుంటుంది. అప్పు సంగతి, ఏజెంటు మోసం సంగతి వస్తే వినండి, కాని పేర్లు రాయకండి.

చివరగా ఒక పుట మీద ఆ వ్యక్తి రేవుల పట్టికను తయారుచేయండి. మొదటి మజిలీ బొంబాయి కాకూడదు, ఆయన ఊరు కావాలి. ఎడమవైపు చోటు, మధ్యలో తేదీ లేదా ఋతువు, కుడివైపు అక్కడ గడిచిన రోజులు. పూర్తయ్యాక దాని ఒక ప్రతిని ఆ ఇంట్లో ఇవ్వండి, మరో ప్రతిని మీ అధ్యయన కేంద్రంలో అందజేయండి.